ఒంటిపై ధరించే రేడియేషన్ డోసిమీటర్ ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ ఆసుపత్రుల ఎక్స్‌రే గదుల నుంచి, రామగుండం, భూపాలపల్లి, జైపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో వెల్డింగ్ జాయింట్లకు రేడియోగ్రఫీ (కిరణాలు పంపి లోపలి లోపాలను ఫిల్ము మీద చూసే పరీక్ష) చేసే కాంట్రాక్టు బృందాల నుంచి, మంచిర్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే డోసిమీటర్ (బ్యాడ్జి రూపంలో ఉన్నదాన్ని బ్యాడ్జి అనే అంటారు) గురించి ఏడాది పొడవునా అవే సందేహాలు వస్తుంటాయి. ఫోన్లో పదేపదే చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలను వీలైనంతవరకు అడిగినవారి మాటల్లోనే ఉంచాను. ఎక్కడ తెరిచి చదివినా అర్థం కావాలని ప్రతి జవాబును విడిగా రాసినందున ఒకటి రెండు సంగతులు మళ్లీ కనిపించవచ్చు.

## అవసరం ఉందో లేదో తేల్చుకునే దశ

బ్యాడ్జి పెట్టుకుంటే రేడియేషన్ తగలదా?

తగులుతుంది. కరెంటు మీటరు ఎన్ని యూనిట్లు కాలాయో చెబుతుంది కానీ లైటును ఆర్పదు. బ్యాడ్జి పని కూడా అంతే. రేడియేషన్ నుంచి కాపాడేవి మూడే: సోర్సు (రేడియేషన్ వెలువడే యంత్రం లేదా పదార్థం) దగ్గర తక్కువ సేపు ఉండటం, దూరంగా ఉండటం, మధ్యలో సీసం, కాంక్రీటు వంటి అడ్డు ఉండటం. ఈ మూడూ సరిగా పాటిస్తున్నామా లేదా అన్నది తర్వాత అంకెల్లో చూపేది డోసిమీటర్. ఈ ప్రశ్న కొత్తగా చేరిన టెక్నీషియన్లే అడుగుతారనుకుంటే పొరపాటు, పదేళ్ల అనుభవం ఉన్నవారి నుంచి కూడా విన్నాను.

మా దగ్గర ఎవరెవరికి డోసిమీటర్ ఇవ్వాలి?

వృత్తిరీత్యా ఎక్స్‌రే యంత్రంతో గానీ, రేడియోధార్మిక సోర్సుతో గానీ పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎవరిది వారికే ఇవ్వాలి. ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్లు, సీటీ టెక్నీషియన్లు, క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాలను ఎక్స్‌రేతో చూసే గది) వైద్యులు, అక్కడే నిలబడే నర్సులు, ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ (అటూ ఇటూ జరిపే ఎక్స్‌రే యంత్రం) వాడే ఎముకల వైద్యులు ఈ కోవలోకి వస్తారు. ఎముకల వైద్యులనే చాలాచోట్ల మరిచిపోతారు. పరిశ్రమల్లో గామా రేడియోగ్రఫీ బృందంలోని వారందరూ, సిమెంటు, థర్మల్ కేంద్రాల్లో న్యూక్లియానిక్ గేజ్‌ను (రేడియేషన్‌తో మట్టం, మందం వంటివి కొలిచే పరికరాన్ని) బిగించే, విప్పే, దాని షట్టరుకు మరమ్మతు చేసేవారూ వస్తారు. బోరుబావుల్లో సోర్సు దించి లాగింగ్ చేసే, అంటే రాతి పొరలను గుర్తించే బొగ్గు అన్వేషణ సిబ్బందికి కూడా కావాలి. గేటు కాపలాదారుకు, రిసెప్షన్‌లో కూర్చునే వారికి సాధారణంగా అవసరం ఉండదు. వారు కూర్చునే చోటే రేడియేషన్ ఉంటే సరిదిద్దాల్సింది గది గోడను, తలుపును.

పద్దెనిమిదేళ్లు నిండనివారిని రేడియేషన్ వర్కరుగా పెట్టుకోవడమే చట్టరీత్యా కుదరదు కనుక వారికి బ్యాడ్జి ఇచ్చే ప్రసక్తి రాదు.

ఎమ్మారై, అల్ట్రాసౌండ్ చేసేవాళ్లకు కూడా ఇవ్వాలా?

అక్కర్లేదు. ఎమ్మారైలో ఉండేవి అయస్కాంతం, రేడియో తరంగాలు; అల్ట్రాసౌండ్‌లో ఉండేది శబ్దం. ఈ రెంటిలోనూ బ్యాడ్జి కొలవగలిగిన అయనీకరణ రేడియేషన్ (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత బలమైనది) లేదు. సెల్ టవర్ల సంగతి కూడా ఇంతే.

నేను గోదావరిఖనిల అండర్‌గ్రౌండ్ చేస్త. మాకు బ్యాడ్జీలు ఎందుకియ్యరు?

బొగ్గులో, చుట్టూ ఉన్న రాతిలో సహజమైన రేడియోధార్మికత కొద్దిపాటిగా ఉంటుంది. భూగర్భ గనిలో ఆలోచించవలసినది రాళ్లలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు గురించి. అది ఊపిరితో లోపలికి వెళ్లి, దాని నుంచి పుట్టే పదార్థాలు ఊపిరితిత్తుల్లో ఆల్ఫా కణాలను వదులుతాయి. ఛాతీ మీద తగిలించే బ్యాడ్జి ఆ ఆల్ఫా కణాలను లెక్కించలేదు. రేడాన్‌ను కొలవాలంటే ఎల్‌ఆర్-115 వంటి ప్లాస్టిక్ ఫిల్ములను చిన్న డబ్బాల్లో పెట్టి గ్యాలరీల్లో నెలల తరబడి వేలాడదీసి, వాటి మీద పడిన కణాల జాడలను లెక్కపెడతారు. మీథేన్ పేరుకోకుండా గనిలోకి పంపే గాలి రేడాన్‌ను కూడా పలుచబరుస్తుంది కనుక గాలి సరఫరా మీద మీరు పెట్టే ఫిర్యాదు ఒకే దెబ్బకు రెండు పిట్టలను కొడుతుంది.

కరీంనగర్ గ్రానైట్ క్వారీలో పని. గ్రానైట్‌లో రేడియేషన్ ఉంటుందంటున్నారు, డోసిమీటర్ కొనుక్కోవాలా?

గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం-40 సున్నపురాయిలో కంటే ఎక్కువగా ఉంటాయన్నది నిజమే. అయినా వ్యక్తిగత డోసిమీటర్ పెట్టేంత అవసరం క్వారీ పనిలో ఉండదు. ఆ డబ్బుతో మంచి రెస్పిరేటర్ మాస్కు కొనుక్కోండి, డ్రిల్లింగ్ దగ్గర నీళ్లు చల్లే ఏర్పాటు అడగండి. క్వారీలో ఊపిరితిత్తులను నిజంగా తినేది రాతి ధూళిలోని సిలికా.

ఫోన్లో రేడియేషన్ యాప్ ఉంది కదా, అది చాలదా?

చాలదు. కెమెరా కటకానికి నల్ల టేపు అంటించి, సెన్సరు మీద పడే చుక్కలను లెక్కపెట్టే యాప్‌లు బలమైన గామా కిరణాలను పసిగట్టగలవు, కానీ పనిలో రోజూ ఎదురయ్యే స్థాయిలో వాటి అంకెను నమ్మడానికి వీల్లేదు. కొన్ని యాప్‌లైతే ఫోన్‌లోని అయస్కాంత సెన్సరు అంకెను చూపించి దానికి రేడియేషన్ అని పేరు పెడతాయి.

## ఏ రకం తీసుకోవాలో ఎంచుకునే దశ

టీఎల్‌డీ, ఓఎస్ఎల్, ఎలక్ట్రానిక్, పెన్ డోసిమీటర్. వీటిలో తేడా ఏమిటి?

టీఎల్‌డీ బ్యాడ్జిని తెరిచి చూస్తే అందులో నికెల్ పూత పూసిన అల్యూమినియం కార్డు, ఆ కార్డులో తెల్లటి గుండ్రటి బిళ్లలు మూడు కనిపిస్తాయి. డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేటును టెఫ్లాన్‌తో కలిపి చేసిన బిళ్లలు అవి. మన దేశంలో 1975 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతిని భాభా అణు పరిశోధన కేంద్రం అభివృద్ధి చేసింది. రేడియేషన్ తగిలినప్పుడు బిళ్ల కొంత శక్తిని పట్టి ఉంచుతుంది. ల్యాబ్‌లో వేడి చేసినప్పుడు ఆ శక్తి వెలుగుగా బయటికి వస్తుంది. ఆ వెలుగును బట్టి మోతాదు లెక్క కడతారు. మొదటి బిళ్ల మీద రాగి, అల్యూమినియం రేకులు, రెండో దాని మీద ప్లాస్టిక్, మూడో దాని మీద ఖాళీ కిటికీ ఉంటాయి. మూడు అంకెలను పోల్చి తగిలింది గామానా, ఎక్స్‌రేనా, బీటానా అని అంచనా వేస్తారు. కార్డు తిరగబడి కూర్చోకుండా ఒక మూల వీ ఆకారంలో గాటు ఉంటుంది.

ఓఎస్ఎల్ కూడా ఇదే కుటుంబానిదే. కార్బన్ కలిపిన అల్యూమినియం ఆక్సైడును వేడికి బదులు కాంతితో చదువుతారు. టీఎల్‌డీని ఒకసారి చదివితే లోపలి సమాచారం చెరిగిపోతుంది, ఓఎస్ఎల్‌ను మళ్లీ చదవవచ్చు. అయితే వెలుతురు సోకితే చెరిగేది కనుక దాని పెట్టెను తెరవకూడదు.

ఎలక్ట్రానిక్ డోసిమీటర్‌లో సిలికాన్ డయోడ్ గానీ, జీఎం ట్యూబు (రేడియేషన్ తగిలిన ప్రతిసారీ ఒక విద్యుత్ పల్సు ఇచ్చే గ్యాసు గొట్టం) గానీ ఉండి అప్పటికప్పుడు అంకె చూపుతుంది, హద్దు దాటితే మోగుతుంది. పెన్ డోసిమీటర్ అంటే లోపల సన్నటి క్వార్ట్జ్ పోగు ఉండే గొట్టం. వెలుతురు వైపు పెట్టి ఒక కన్నుతో చూస్తే స్కేలు మీద గీత ఎక్కడుందో తెలుస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, కానీ కింద పడితే గీత జరిగిపోతుంది.

ఏది మేలని అడిగేవారిని నేను ఎదురు ప్రశ్న వేస్తాను: తగిలిన సంగతి మీకు ఎప్పుడు తెలియాలి? మూడు నెలల తర్వాత తెలిసినా నష్టం లేని పనికి టీఎల్‌డీ చాలు. ఆ క్షణానే తెలియకపోతే ప్రమాదమనే పనికి టీఎల్‌డీతో పాటు మోగేది ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

మా పిలగాడు షట్‌డౌన్ పనికి రామగుండం పోతుండు. టీఎల్‌డీ ఇచ్చిండ్రు, మళ్ల ఆ బీప్ బీప్ డబ్బా ఎందుకు?

ఎందుకో ఒక లెక్క చెబుతాను. షట్‌డౌన్‌లో, అంటే మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు, బాయిలర్ ట్యూబుల జాయింట్లకు రేడియోగ్రఫీ చేసే బృందాల దగ్గర సాధారణంగా ఇరీడియం-192 సోర్సు ఉంటుంది. 20 క్యూరీల (సోర్సు బలానికి కొలమానం) సోర్సు కెమెరా (సోర్సును దాచి ఉంచే పెట్టె) బయట ఉన్నప్పుడు మీటరు దూరంలో గంటకు సుమారు 95 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి తగిలినదానికి కొలమానం) మోతాదు పడుతుంది. వర్కరుకు ఏడాది సగటుగా అనుమతించిన 20 మిల్లీసీవర్ట్‌లు అక్కడ పదమూడు నిమిషాల్లో నిండుతాయి. అదే మనిషి పది మీటర్ల దూరంలో ఉంటే మోతాదు వందో వంతుకు, అంటే గంటకు ఒక మిల్లీసీవర్ట్‌కు లోపుగా పడిపోతుంది. చేతికి పది సెంటీమీటర్ల దూరంలోకి వస్తే మాత్రం నిమిషానికి 150 మిల్లీసీవర్ట్‌లు దాటుతుంది.

సోర్సును కెమెరా బయటికి తోసి వెనక్కి లాగే డ్రైవ్ కేబుల్ నుంచి సోర్సు ఊడి, అది ప్రయాణించే గైడ్ ట్యూబులోనే ఉండిపోయిందనుకోండి. హ్యాండిల్ తిప్పినవాడికి కేబుల్ తిరిగి వచ్చినట్టే తోస్తుంది. ఫిల్ము మార్చడానికి వెళ్లి ట్యూబును చేత్తో పట్టుకుంటాడు. కంటికి ఏమీ కనిపించదు, వాసన లేదు, వేడి లేదు. టీఎల్‌డీ ఈ సంగతిని నిజాయితీగా రాసుకుంటుంది గానీ, ఆ రాత మీ చేతికి వచ్చేది మూడు నెలల కాలం ముగిసి బ్యాడ్జి ల్యాబ్‌కు వెళ్లిన తర్వాతే. అలారం డోసిమీటర్ అయితే అతను అటు నాలుగడుగులు వేయగానే అరుస్తుంది. అందువల్ల గామా రేడియోగ్రఫీలో టీఎల్‌డీ, అలారం డోసిమీటర్, సర్వే మీటరు (చుట్టూ ఉన్న రేడియేషన్‌ను అప్పటికప్పుడు చూపే చేతి పరికరం) మూడూ కావాలి, ఒకటి ఉందని ఇంకోటి మానేయకూడదు. ప్రతి ఎక్స్‌పోజరు తర్వాత సర్వే మీటరు చేతపట్టుకునే కెమెరా దగ్గరికి వెళ్లాలని మీ అబ్బాయికి చెప్పండి. బృందంలో ఎన్ని మీటర్లు పనిచేస్తున్నాయో మొదటి రోజే అడగమని కూడా చెప్పండి.

థర్మల్ కేంద్రంలో ఫ్యాన్ల మోతకు అలారం వినపడదు. ఎలాంటిది కొనాలి?

మోతతో పాటు గట్టిగా వణికే, ఎర్ర దీపం వెలిగే మోడల్ కొనండి. ఈ సంగతి నేను కేటలాగు చదివి నేర్చుకోలేదు. ఒక షట్‌డౌన్‌లో ఐడీ ఫ్యాన్ (బాయిలర్ పొగను లాగే పెద్ద ఫ్యాన్) పక్కన నిలబడి ఉండగా నా జేబులోని డోసిమీటర్ ఎంతసేపటి నుంచి మోగుతోందో నాకు తెలియలేదు. ఎదురుగా వస్తున్న హెల్పర్ జేబులో మిణుకుమనే దీపాన్ని చూసి చెయ్యి ఊపాడు. ఆ రోజు పడిన మోతాదు పెద్దదేమీ కాదు గానీ, అప్పటి నుంచి వణికేది లేకుండా పరికరం కొనిపించలేదు. చెవిలో ఇయర్‌ప్లగ్ పెట్టుకునే చోట చప్పుడు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కొనే ముందు చేతి తొడుగులు వేసుకొని బటన్ నొక్కి చూడండి, ఎండలో తెర మీది అంకె కనిపిస్తోందో లేదో చూడండి.

ఆసుపత్రి ఎక్స్‌రే విభాగానికి ఎలక్ట్రానిక్ డోసిమీటర్ కొనాలనుకుంటున్నాం. ఏం చూడాలి?

ముందుగా అది ఎంత తక్కువ శక్తి నుంచి కొలవగలదో చూడండి. ఆసుపత్రి ఎక్స్‌రే యంత్రాన్ని 70 నుంచి 120 కిలోవోల్టుల మధ్య నడిపినా, వెలువడే కిరణాల్లో చాలా భాగం 30 నుంచి 60 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల (కిరణాల శక్తికి కొలమానం) దగ్గరే ఉంటాయి. పరిశ్రమల కోసం చేసిన కొన్ని డోసిమీటర్లు 50, 60 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులకు దిగువన దాదాపు గుడ్డివి. పరిశ్రమల్లో వాడే సీజియం సోర్సు దగ్గర చక్కగా పనిచేసిన పరికరం సీ-ఆర్మ్ దగ్గర సున్నా చూపిస్తే దాన్ని చూసి సంతోషించకూడదు.

రెండోది పల్సుల సమస్య. ఎక్స్‌రే యంత్రం సెకనులో చిన్న భాగం మాత్రమే వెలుగుతుంది. ఆ కొద్ది క్షణంలో మోతాదు రేటు చాలా ఎక్కువగా ఉండటంతో జీఎం ట్యూబు ఒక లెక్క పూర్తి చేసేలోగా పల్సు అయిపోతుంది, అంకె తక్కువగా వస్తుంది. పల్స్ రేడియేషన్‌కు పరీక్షించారా అని అమ్మకందారును రాతపూర్వకంగా అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో సీసపు ఏప్రాన్లు, సీసపు కళ్లద్దాలు కొనడం మేలని నా అభిప్రాయం. మామూలు ఎక్స్‌రే గదిలో గోడ వెనుక నిలబడి స్విచ్ నొక్కే రేడియోగ్రాఫర్‌కు టీఎల్‌డీ ఒక్కటీ సరిపోతుంది.

గ్యాస్ ఉండే చోట, బొగ్గు గనిలో ఎలక్ట్రానిక్ డోసిమీటర్ తీసుకెళ్లవచ్చా?

మామూలుది తీసుకెళ్లకూడదు. బ్యాటరీతో నడిచే ఏ పరికరమైనా నిప్పురవ్వ పుట్టించే అవకాశం ఉంది. మీథేన్ ఉండే గనిలోనూ, మండే వాయువులుండే ఎరువుల, పెట్రోలియం ప్లాంటుల్లోనూ ఇన్‌ట్రిన్సికల్లీ సేఫ్ అని ధ్రువీకరించిన మోడల్ మాత్రమే వాడాలి. గనుల్లో గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి కూడా చూసుకోవాలి. బ్యాటరీ లేని టీఎల్‌డీకి, క్వార్ట్జ్ పోగు పెన్‌కు ఈ ఇబ్బంది లేదు కనుక అలాంటి చోట పాత పెన్ ఇప్పటికీ పనికొస్తోంది. పెన్‌ను ఛార్జ్ చేసే పెట్టెను మాత్రం బయటే ఉంచాలి.

మా లాగింగ్ యూనిట్లో న్యూట్రాన్ సోర్సు కూడా ఉంది. ఛాతీ బ్యాడ్జి సరిపోతుందా?

సరిపోదు. అమెరీషియం, బెరీలియం కలిపిన సోర్సు వెదజల్లే వేగవంతమైన న్యూట్రాన్లను మామూలు టీఎల్‌డీ కార్డు కొలవదు. అందుకు సీఆర్-39 అనే ప్లాస్టిక్‌తో చేసిన వేరే బ్యాడ్జి ఉంటుంది. న్యూట్రాన్ల వల్ల దాని మీద పడే సూక్ష్మమైన గుంటలను రసాయనంతో పెద్దవి చేసి లెక్కపెడతారు. గామా బ్యాడ్జితో పాటు దీన్నీ అడగండి. అమెరీషియం సగం తగ్గడానికి 432 ఏళ్లు పడుతుంది కనుక సోర్సు పాతబడింది, బలం తగ్గి ఉంటుందన్న వాదన దీని విషయంలో చెల్లదు.

చేతులకు, కళ్లకు వేరే డోసిమీటర్లు కావాలా?

కిరణపుంజానికి చేతులు దగ్గరగా వెళ్లే పనుల్లో కావాలి. క్యాథ్‌ల్యాబ్ వైద్యులకు మణికట్టు బ్యాడ్జి, న్యూక్లియర్ మెడిసిన్‌లో రేడియోధార్మిక మందున్న సిరంజి పట్టుకునేవారికి వేలి ఉంగరం ఇస్తారు. కంటి విషయంలో అంతర్జాతీయ రేడియోలాజికల్ రక్షణ సంఘం 2011లో తన సిఫారసును ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌ల నుంచి అయిదేళ్ల సగటున 20కి తగ్గించింది. కంటి కటకానికి మసక పట్టడం అనుకున్నదానికంటే తక్కువ మోతాదులోనే మొదలవుతుందని తేలడమే అందుకు కారణం. రోజూ యాంజియోగ్రాములు చేసే వైద్యులు ఏప్రాన్ పైన కాలరు దగ్గర రెండో డోసిమీటర్ పెట్టుకుంటే కంటికి ఎంత చేరుతోందో అంచనా దొరుకుతుంది.

కేటలాగులో అంకెలు చాలా ఉన్నాయి. వేటిని చూడాలి?

పనికొచ్చేవి కొన్నే. కొలిచేది హెచ్‌పీ-10, అంటే చర్మం కింద పది మిల్లీమీటర్ల లోతులో పడే మోతాదు అని ఉండాలి. శక్తి పరిధి మీ సోర్సుకు సరిపోవాలి: ఇరీడియం-192 సగటున 380, సీజియం-137 662, కోబాల్ట్-60 1,170, 1,330 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల కిరణాలను ఇస్తాయి. మోతాదు రేటు పరిధి పై అంచు కనీసం గంటకు ఒక సీవర్ట్ ఉంటే మంచిది. ఆ అంచు దాటితే ఏం చేస్తుందో తప్పనిసరిగా అడగాలి. నాసిరకం జీఎం పరికరాలు ఉక్కిరిబిక్కిరై సున్నాకు పడిపోతాయి, అంతకంటే ప్రమాదకరమైన అంకె లేదు. ఎలక్ట్రానిక్ వాటికి ఐఈసీ 61526, టీఎల్‌డీ, ఓఎస్ఎల్ వంటి వాటికి ఐఈసీ 62387 ప్రమాణాలు వర్తిస్తాయి. కాలిబ్రేషన్ పత్రంలో తేదీ, పరికరం సీరియల్ నంబరు రెండూ మీ చేతిలోని పరికరానికి సరిపోలాలి. వానలో, బూడిదలో తిరిగే బృందానికి నీరు, దుమ్ము చొరబడకుండా ఆపే ఐపీ65 స్థాయికి తగ్గనిది తీసుకోండి. రంగు తెరకు, బ్లూటూత్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే డోసిమీటర్ కొని టీఎల్‌డీ మానేయవచ్చా?

మానేయకూడదు. మన దేశంలో వర్కరు మోతాదుకు లెక్కగా నిలిచేది భాభా అణు పరిశోధన కేంద్రం గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి వచ్చిన రిపోర్టు. అణుశక్తి నియంత్రణ మండలి తనిఖీకి వచ్చినప్పుడు చూసేది దాన్నే. ఆన్‌లైన్ పరికరాన్ని అదనపు హెచ్చరికగా పెట్టుకుంటే అభ్యంతరం లేదు.

## ధరించే దశ

ఏప్రాన్ లోపల పెట్టాలా, బయటా?

ఒకే బ్యాడ్జి ఉంటే ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టాలి. ఒంటికి నిజంగా చేరే మోతాదును కొలవడమే దాని పని. బయట పెడితే ఏప్రాన్ ఆపిన రేడియేషన్ కూడా మీ ఖాతాలో పడుతుంది. రెండు బ్యాడ్జీలు ఇచ్చిన చోట ఒకటి లోపల, ఒకటి బయట కాలరు దగ్గర పెట్టాలి. రెంటినీ పొరపాటున కూడా తారుమారు చేయకూడదు. కిటికీ వైపు ముందుకు ఉండాలి, మీద పెన్నులు, గుర్తింపు కార్డు, ఫోను కప్పకూడదు.

అంగీ జేబుల బ్యాడ్జి ఉండంగనే వాషింగ్ మిషన్ల వేసిండ్రు. ఇప్పుడేం జెయ్యాలె?

తెరవకండి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టకండి. నీడలో ఆరనిచ్చి, ఉతికిన తేదీని కాగితం మీద రాసి రేడియేషన్ భద్రతాధికారికి ఇచ్చి కొత్తది అడగండి. ఉతికే నీళ్ల వేడికి బిళ్లలోని సమాచారం పోదు, ఎందుకంటే అది బయటికి రావాలంటే 200 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. అసలు బెడద కార్డు చుట్టూ ఉండే కాగితం కవరులోకి చేరిన సబ్బు తెట్టుతోనే. వేడి చేసినప్పుడు మరక కూడా వెలుగునిచ్చి లేని మోతాదును చూపిస్తుంది. ల్యాబ్‌కు ముందే చెబితే ఆ అంకెను ఆ కన్నుతోనే చూస్తారు.

మా దగ్గర మే నెలలో 46 డిగ్రీలు. ఎండకు బ్యాడ్జి పాడవుతుందా?

ఒంటి మీద ఉన్నంతసేపు పాడవదు. మూసి ఉంచిన కారు డ్యాష్‌బోర్డు మీద, బైకు ట్యాంకు కవరులో వదిలేయడం మాత్రం మంచిది కాదు. ఎక్కువ వేడిలో రోజుల తరబడి ఉంటే కొంత సమాచారం కరిగిపోవచ్చు, నేరుగా పడే ఎండలోని అతినీలలోహిత కిరణాలూ రీడింగును చెడగొడతాయి. ఎలక్ట్రానిక్ వాటికి పని చేయగల గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. బాయిలర్ దగ్గర పనిచేసేవారు కొనే ముందు ఆ అంకె చూసుకోవాలి.

పని అయ్యాక బ్యాడ్జిని ఎక్కడ పెట్టాలి?

రేడియేషన్ లేని గదిలో, కంట్రోల్ బ్యాడ్జి ఉన్న స్టాండు మీదే పెట్టాలి. కంట్రోల్ బ్యాడ్జిని ఎవరూ ధరించరు. సహజంగా ఉండే రేడియేషన్ దాని మీద ఎంత పడిందో చూసి, మిగతా బ్యాడ్జీల అంకె నుంచి అంత తీసేస్తారు. ఒక ఆసుపత్రిలో కంట్రోల్ బ్యాడ్జిని ఎక్స్‌రే గది గోడకే మేకు కొట్టి తగిలించి ఉండగా చూశాను. గోడ మీది బ్యాడ్జి అంకె ఎంత పెరిగితే మనుషుల అంకెలు అంత తగ్గుతాయి కనుక అక్కడ రిపోర్టులన్నీ ఎప్పుడూ చల్లగా ఉండేవి.

ఒక బ్యాడ్జిని ఇద్దరం షిఫ్టుల వారీగా వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. దాని మీది నంబరు ఒక్క మనిషిది. ఇద్దరు వాడితే ఒకరికి రెండింతలు, ఇంకొకరికి సున్నా పడుతుంది. రెండు లెక్కలూ తప్పే.

అలారం ఏ అంకె దగ్గర మోగేలా పెట్టాలి?

ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లను 2,000 పనిగంటలతో భాగిస్తే గంటకు 10 మైక్రోసీవర్ట్‌లు (మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు ఒక మైక్రోసీవర్ట్) వస్తాయి. 250 పనిరోజులతో భాగిస్తే రోజుకు 80. ఈ రెండు అంకెలూ మనసులో ఉంచుకొని, చేసే పనిని బట్టి భద్రతాధికారి నిర్ణయించాలి. మరీ తక్కువ పెడితే అది రోజంతా మోగుతుంది, బృందం విసిగి స్విచ్ ఆపేస్తుంది. మామూలుగా నిలబడే చోట మోగకుండా, సోర్సు వైపు పొరపాటున నడిస్తే మోగేలా రేటు అలారం పెట్టడం సరైన పద్ధతి. ఆ రోజు మోతాదుకు ఇంకో అలారం విడిగా ఉండాలి.

నాకే ఎక్స్‌రే తీస్తే బ్యాడ్జి ఉంచుకోవాలా?

తీసేయాలి. రోగిగా మీకు తగిలింది ఉద్యోగం లెక్కలోకి రాదు.

## రిపోర్టు వచ్చాక

రిపోర్టులో ఎప్పుడూ సున్నా వస్తోంది. మంచిదేనా?

గోడ వెనుక నుంచి పనిచేసే రేడియోగ్రాఫర్‌కు సున్నా రావడం సహజమే. ల్యాబ్ కొలవగల కనీస మోతాదుకు తక్కువ పడిందని దాని అర్థం. రోజుకు అయిదారు యాంజియోగ్రాములు చేసే వైద్యుడికి, షట్‌డౌన్‌లో పనిచేసిన గామా రేడియోగ్రాఫర్‌కు వరుసగా సున్నాలు వస్తుంటే బ్యాడ్జి డ్రాయరులో ఉండిపోతోందేమో చూడాలి.

ఎంతవరకు ఉండవచ్చు?

అణుశక్తి నియంత్రణ మండలి పరిమితుల ప్రకారం వరుసగా అయిదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. చర్మానికి, చేతులకు, పాదాలకు ఏడాదికి 500. సామాన్య జనానికి ఏడాదికి 1. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ఎలాగూ పడేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు, అది ఈ లెక్కలో చేరదు. పరిమితిలోపు ఉన్నంత మాత్రాన తగ్గించగలిగిన మోతాదును అలాగే వదిలేయడానికి అనుమతి దొరికినట్టు కాదు.

ఒక్కసారిగా ఎక్కువ వచ్చింది. భయపడాలా?

ముందు ఆ మూడు నెలల్లో బ్యాడ్జి ఎక్కడెక్కడ ఉందో గుర్తు చేసుకోండి. ఏప్రాన్‌కు తగిలించి ఎక్స్‌రే గదిలోనే వదిలి వెళ్లడం నేను చూసినవాటిలో అన్నిటికంటే మామూలు కారణం. అలా జరిగి ఉంటే దాచకుండా రాసి ఇవ్వండి, విచారణ తర్వాత లెక్క సరిచేయడానికి అవకాశం ఉంటుంది. నిజంగా ఒంటికే తగిలిందని అనుమానం ఉండి, అది 100 మిల్లీసీవర్ట్‌లు దాటేలా ఉంటే రక్తకణాల్లోని క్రోమోజోములను పరీక్షించి అంచనా వేసే పద్ధతి ఉంది. వాంతులు, వికారం వంటివి సాధారణంగా 1,000 మిల్లీసీవర్ట్‌లు ఒకేసారి తగిలినప్పుడు మొదలవుతాయి కనుక రిపోర్టులో 12 కనిపించిన రోజున వచ్చిన తలనొప్పికి కారణాన్ని వేరేచోట వెతకాలి.

గర్భం వచ్చిందని తెలిసింది. ఏం చేయాలి?

వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. తెలియజేసిన నాటి నుంచి మిగిలిన కాలంలో గర్భస్థ శిశువుకు చేరే మోతాదు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని మార్చడం యాజమాన్యం బాధ్యత. పని మార్చమనడమంటే ఉద్యోగం మానేయమనడం కాదు. ఛాతీ బ్యాడ్జితో పాటు పొట్ట దగ్గర, ఏప్రాన్ లోపల ఇంకో బ్యాడ్జి అడగవచ్చు.

బ్యాడ్జి పోయింది. ఆ మూడు నెలల లెక్క ఏమవుతుంది?

ఖాళీగా వదిలేయరు. పక్కనే అదే పని చేసినవారి మోతాదు, పెన్ లేదా ఎలక్ట్రానిక్ డోసిమీటర్ రోజువారీ పుస్తకం, పనిచేసిన గంటలు చూసి అంచనా కడతారు. రోజువారీ పుస్తకం రాయని చోట ఆ అంచనా ఊహగానమే అవుతుంది.

ఈ కంపెనీ మానేసి ఇంకో కాంట్రాక్టరు దగ్గర చేరుతున్నా. పాత మోతాదు వాళ్లకు చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి. అయిదేళ్ల లెక్క మనిషి వెంట నడుస్తుంది, కంపెనీ మారితే మళ్లీ సున్నా నుంచి మొదలు కాదు. భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే జాతీయ వృత్తిపరమైన మోతాదుల రిజిస్టరులో మీ వివరాలు మీ వ్యక్తిగత నంబరు మీదే ఉంటాయి. కొత్తచోట ఆ పాత నంబరునే ఇవ్వండి. కొత్త నంబరు తీసుకుంటే మీ చరిత్ర రెండు ముక్కలవుతుంది. పాత యజమాని దగ్గర నుంచి ఇప్పటివరకు పడిన మోతాదు పత్రాన్ని, ఆఖరి మూడు నెలల రిపోర్టుతో సహా, సెటిల్‌మెంటు డబ్బులు తీసుకునే రోజే అడిగి తీసుకోండి. షట్‌డౌన్ ముగిసి సైటు ఆఫీసు ఎత్తేశాక ఆ కాగితం కోసం తిరగడం ఎంత కష్టమో తిరిగినవారికే తెలుసు.